వెండితెర కావ్యములకు వ్యాఖ్యాతలు

మల్లినాథసూరి వ్యాఖ్య లేనిచో కాళిదాసు మనలో ఎందరికి దక్కెడివాడు? మెదకుసీమలోని కొలిచాలమువాడైన ఆ మహాపండితుడు రఘువంశ కుమారసంభవ మేఘసందేశములకు వ్యాఖ్య వ్రాసి, దానికి సంజీవని అని పేరు పెట్టినాడు. చెడ్డ వ్యాఖ్యానములను విషము తగిలి మూర్ఛిల్లిన కవివాక్కును బ్రతికించుట తన పని అని చెప్పుకొనినాడు. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ కూడ చేసినాడు. కవి చెప్పినదానిని మరల చెప్పుట వ్యాఖ్యానము కాదు. చదువరి కన్ను దాటిపోవుచున్నదానిని వ్రేలు పెట్టి చూపుట వ్యాఖ్యానము.

ఇంత గొప్ప పేరు ఎత్తి సినిమాల సంగతికి దిగుట కొందరు పెద్దలకు రుచింపకపోవచ్చును. అయినను నేను చెప్పదలచినది అదియే. గడచిన నలుబది సంవత్సరములలో చలనచిత్రములకు కూడ మల్లినాథులు పుట్టినారు. వారి వ్యాఖ్యలు తాటాకులపై లేవు. ఇంటిలో చూచుకొనుటకై అమ్మిన సినిమా డిస్కులపై ఉన్నవి. అంగడివారు వానికి బోనస్ ఫీచర్లు అని పేరు పెట్టినారు. అనగా కొసరు. కూరగాయలు కొన్నవానికి కరివేపాకు రెబ్బ ఊరక వేసినట్లు, సినిమా కొన్నవానికి ఇవి ఊరక వచ్చును. నా మట్టుకు నాకు చాలమారులు అసలుకంటె కొసరే ముద్దైనది.

ఈ సంప్రదాయమునకు పుట్టుక 1984. అమెరికాలోని క్రైటీరియన్ అను సంస్థ 1933 నాటి 'కింగ్ కాంగ్' చిత్రమును లేజర్ డిస్కుపై వెలువరించినది. లేజర్ డిస్కు మన అన్నపు కంచమంత ఉండును. అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. దానిపై ధ్వనికి రెండు దారులు గలవు. పాతచిత్రమునకు ఒక దారి చాలును, రెండవది ఖాళీ. ఆ ఖాళీదారిలో రొనాల్డ్ హేవర్ అను పరిశోధకుని మాటలు ఎక్కించినారు. ఆయన లాస్ ఏంజెలెస్ నగర కళాప్రదర్శనశాలలో సినిమా విభాగమును చూచువాడు. పోయిన దృశ్యములకై గోదాములు గాలించి, దొరకనిచోట నిశ్చలచిత్రములు అతికి, 1954 నాటి 'ఎ స్టార్ ఈజ్ బార్న్' చిత్రమును నిలబెట్టినవాడు. అట్టి మనిషి ప్రక్కన కూర్చుండి సినిమా చూపించినట్లు ఉండును ఆ వ్యాఖ్య. సంపన్నుల యిండ్లలో తప్ప కానరాని వస్తువు కొరకు జరిగిన యీ చిన్న ప్రయోగమే, 1996లో జపానునందు, 1997లో అమెరికాయందు డి.వి.డి. వచ్చిన తరువాత అందరి సొత్తు అయినది. డి.వి.డి.లో ధ్వనికి ఎనిమిది దారులుండును. ఇక వ్యాఖ్యాతలకు కొదువ ఏమి?

ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన 'సిటిజన్ కేన్' చిత్రమునకు విమర్శకుడు రోజర్ ఈబర్ట్ చెప్పిన వ్యాఖ్య 2001లో డి.వి.డి.పై వచ్చినది. దానిని నేను మా విద్యార్థులకు చూపుదును. మొదట పది నిమిషముల భాగము వ్యాఖ్య లేకుండ. పిదప అదే భాగము వ్యాఖ్యతో. మొదటిమారు వారు కథను చూతురు. రెండవమారు ఇంటికప్పును చూతురు. స్టూడియోలో వేసిన సెట్టుకు సాధారణముగా కప్పు ఉండదు. దీపములు, మైకులు పైనుండియే వ్రేలాడవలెను గదా. వెల్స్, ఆయన ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ కెమేరాను నేలకు దింపి, మనుష్యులను క్రిందినుండి చూపదలచినారు. అందుకై నేలను త్రవ్వవలసివచ్చినది. పైన కప్పు కనబడవలసివచ్చినది. ఆ కప్పును పలుచని గుడ్డతో కుట్టించి, మైకును గుడ్డకు పైన దాచినారు. గుడ్డ చూపును ఆపును, మాటను ఆపదు! ఈ సంగతి తెలిసిన మరునాటినుండి మా పిల్లలు ఏ సినిమాకు పోయినను మొదట కప్పు ఉన్నదా లేదా అని చూచుట ఆరంభించినారు. ఇది వేళాకోళముగా తోచవచ్చును. పద్యములో యతి ఎక్కడ పడినదో మొదటిసారి గుర్తించిన పిల్లవాడును ఇట్లే ప్రతి పద్యములోను యతినే వెదకును. అటుపిమ్మట గాని అతనికి పద్యము వినబడదు. ఈబర్ట్ 2013లో గతించినాడు. పాఠము మాత్రము నిలిచియున్నది.

వ్యాఖ్యలన్నింటిలో నాకు మిక్కిలి ప్రియమైనది అకిరా కురోసావా 'సెవెన్ సమురాయ్' చిత్రమునకు మైకేల్ జెక్ అను చరిత్రకారుడు చెప్పినది. చిత్రము 1954 నాటిది. నిడివి 207 నిమిషములు. మూడున్నర గంటలకు చేరువగా ఒక మనిషి ఒంటరిగా మాటాడుచుండును. 1988లో లేజర్ డిస్కుకై చెప్పిన ఈ వ్యాఖ్యను 2006 నాటి మూడు డిస్కుల ప్రతిలో తీసివేయక, దానికి ప్రక్కనే మరియొక వ్యాఖ్య చేర్చినారు. ఇది ఐదుగురు పండితులు చిత్రమును భాగములుగా పంచుకొని చెప్పినది. ఒకే కావ్యమునకు కాశ్మీరపు వల్లభదేవుని వ్యాఖ్యయు, మన మల్లినాథుని వ్యాఖ్యయు ఎదురెదురుగా పెట్టుకొని చదువుట అలవాటైనవారికి ఈ ఏర్పాటు ఎంత ఆనందము కలిగించునో చెప్పనక్కరలేదు.

అదే ప్రతిలో చిత్రనిర్మాణమును గూర్చి సుమారు ఏబది నిమిషముల చిత్రమొకటి ఉన్నది. కురోసావా, ఆయన సహరచయితలు హషిమొతో, ఒగుని ఒక సత్రములో తలుపులు వేసికొని కథను మలచిన విధము అందు తెలియును. కథలోని పల్లెలో నివసించు 101 మందికిని కురోసావా వంశవృక్షము తయారుచేసినాడు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరి యింటికి ఎవరు కోడలు అన్నది, తెరమీద ఒక్కమాట పలుకని వానికి కూడ, నిర్ణయమై ఉన్నదన్నమాట. దొంగలు వచ్చినప్పుడు ఆ పల్లె పరుగెత్తు తీరులో ఈ బంధుత్వములు కనబడును. ఇది తెలియక చూచినప్పుడు అది గుంపు. తెలిసి చూచినప్పుడు అది ఊరు. చివరి యుద్ధము వానలో, బురదలో జరుగును. దానిని నడిచలికాలమున అనేక కెమేరాలు ఒక్కసారి నడిపి తీసినారు. డబ్బు చాలక స్టూడియోవారు చిత్రమును నడుమ నిలిపివేసినప్పుడు దర్శకుడు చేపలు పట్టుటకు పోయినాడట. ఇంత పెట్టుబడి పెట్టినవారు తుదకు తన దారికి రాక తప్పదని ఆయన ధీమా. వచ్చినారు కూడ.

మనవాళ్లకు నచ్చు ముచ్చట ఒకటి చెప్పి ముందుకు సాగుదును. పీటర్ జాక్సన్ తీసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగములలో మొదటిదానికి 2002లో నాలుగు డిస్కుల ప్రతి వచ్చినది. దానిలో నాలుగు వేరువేరు వ్యాఖ్యలు. రెండవ భాగమున రాక్షససేన గర్జించు దృశ్యమునకు వేలకొలది గొంతులు కావలసినవి. ఆ యేడు న్యూజీలాండులోని వెల్లింగ్టనులో ఇంగ్లాండుతో క్రికెట్టు పోటీ జరుగుచుండగా, విరామమున దర్శకుడు మైదానములోనికి వచ్చి ఇరువదియైదు వేలమంది ప్రేక్షకులచేత రాక్షసభాషలో కేకలు పెట్టించినాడు. తెరమీది ఆ గర్జన క్రికెట్టు చూడవచ్చిన జనుల గొంతు. ఇది అనుబంధములలో చూచిన పిమ్మట ఆ దృశ్యము భయపెట్టదేమో అనుకొంటిని. ఇంకను ఎక్కువ భయపెట్టినది.

అన్ని కొసరులును మంచివే అనను. నటీనటులు ఒకరినొకరు పొగడుకొనుటతో రెండు గంటలు గడచిపోవు వ్యాఖ్యలు లెక్కకు మిక్కిలి. మేకింగ్ అను పేర వచ్చు వానిలో పెక్కు ఒట్టి ప్రకటనలు. పొగడ్తకంటె పోట్లాట మేలు. 1999 నాటి 'ది లైమీ' చిత్రమునకు దర్శకుడు సోడర్‌బర్గ్, రచయిత లెమ్ డాబ్స్ కలిసి చెప్పిన వ్యాఖ్యలో రచయిత దర్శకుని ముఖముమీదనే తన కథను పాడుచేసితివని దెప్పుచుండును. దర్శకుడు సమాధానము చెప్పుకొనుచుండును. రచయితకు, దర్శకునకు గల సంబంధమును గూర్చి ఎన్ని పుస్తకములు చదివినను ఇంత తెలియదు. కోయెన్ సోదరులు తమ 'బ్లడ్ సింపుల్' చిత్రపు 2001 నాటి డి.వి.డి.లో మరియొక చిలిపి పని చేసినారు. లేని పండితునొకనిని కల్పించి, అతనిచేత చిత్రములోని కుక్క యంత్రపుబొమ్మ అనియు, నటుల ఒంటి చెమట గుఱ్ఱముల మేనినుండి సేకరించినది అనియు గంభీరముగా చెప్పించినారు. నమ్మినవారు నమ్మినారు. తెనాలి రామకృష్ణుని పేర చెప్పు కథలన్నియు నమ్ము మనము వారిని చూచి నవ్వరాదు.

తొలగించిన దృశ్యములు, మారిన ముగింపులు అనునవి సాహిత్యము చదువుకొన్నవానికి పాఠాంతరములు. వీనికి గొప్ప ఉదాహరణము టెర్రీ గిలియమ్ 1985లో తీసిన 'బ్రెజిల్'. దర్శకుని పాఠము 142 నిమిషములు, దుఃఖాంతము. అమెరికా స్టూడియోవారు దానిని ఒల్లక, కోసి కుట్టి, ప్రేమ గెలిచినట్లు 94 నిమిషముల పాఠమొకటి సిద్ధము చేసినారు. 1999 నాటి మూడు డిస్కుల ప్రతిలో రెండు పాఠములును, రెంటినడుమ జరిగిన కలహచరిత్రయు ఉన్నవి. బ్రౌనుదొర పండితులను కూర్చుండబెట్టి తాటాకుప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించినట్లు, ఇక్కడ విద్యార్థి తానే పోల్చి చూడవచ్చును. దృశ్యముల వరుస మార్చినంతమాత్రమున విషాదము వినోదమగుట కన్నులకు కట్టును. ప్రక్షిప్తము అనగా ఏమో చెప్పుటకు నాకు ఇంతకంటె మంచి సాధనము దొరకలేదు.

2015లో వెలువడిన సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయపు అనుబంధములను చూచినప్పుడు మాత్రము వినోదము అన్న మాట మరచితిని. రాయ్ 1992లో గతించినాడు. మరుసటి యేడు లండనులోని ఒక లేబరేటరీలో జరిగిన అగ్నిప్రమాదమున ఆ చిత్రముల మూలనెగటివులు కాలిపోయినవి. కాలగా మిగిలిన ముక్కలు అమెరికాలోని అకాడమీ భాండాగారమున ఇరువది సంవత్సరములు పడియున్నవి. ఇటలీలోని బొలోనాయందు నిపుణులు బిరుసెక్కిన ఫిల్మునకు తిరిగి తేమ పట్టించి, అంచులు చేతితో అతికి, వెయ్యిగంటలకు చేరువగా శ్రమించినారు. 'పథేర్ పాంచాలి'లో నూటికి 40 పాళ్లు, 'అపరాజితో'లో 60 పాళ్లకు పైన మూలమునుండియే దక్కినవి. 'అపుర్ సంసార్' నెగటివులో మాత్రము పనికివచ్చునది లేకపోయినది. ఇతర ప్రతుల ఆధారముతో దానిని నిలిపినారు. మసిబారిన ఆ ఫిల్మును, దానిమీద వంగిన మనుష్యుల చేతులను ఆ అనుబంధములో చూడవచ్చును. అదే ప్రతిలో 1958లో రికార్డు చేసిన రాయ్ కంఠము ఉన్నది. తన తొలిచిత్రము తీయుటకు పడిన పాట్లను తాను వ్రాసిన వ్యాసమునుండి ఆయనే చదివి వినిపించును.

వినుచుండగా మన సంగతి తలపునకు రాక మానదు. 'మాయాబజార్' 1957 మార్చిలో విడుదలయైనది. మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలను ఎట్లు పండించినాడు? ఘటోత్కచుని నోటిలోనికి లడ్డులు ఎగిరిపోవు దృశ్యమున కెమేరాను ఎన్నిమారులు నిలిపినారు? గింబళి, గిల్పము వంటి మాటలను పింగళివారు ఏ వరుసలో ఎత్తి ఉందురు? చెప్పవలసిన పింగళి 1971లోను, దర్శకుడు కె.వి. రెడ్డి 1972లోను, ఘంటసాల, ఎస్.వి. రంగారావు 1974లోను, సావిత్రి 1981లోను గతించినారు. అప్పటికి ఎక్కడను ఈ ఆచారము పుట్టలేదు గనుక ఎవరిని అనుటకును లేదు. కాని బార్ట్‌లీ 1993 వరకు, రామారావు 1996 వరకు, అభిమన్యుడు వేసిన నాగేశ్వరరావు 2014 వరకు జీవించియుండిరి. ఆనాడు కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడుగా ఉన్న సింగీతం శ్రీనివాసరావుగారు తరువాతి కాలమున సంభాషణలలో పలు ముచ్చట్లు చెప్పియున్నారు. అంతవరకు మన అదృష్టము. చిత్రమును ఎదుట నడిపించి, తీసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టి, దృశ్యము వెంట దృశ్యముగా మాటాడించు ఆచారము మాత్రము మనకు ఏర్పడలేదు.

దీనికి కారణము రసజ్ఞత లేకపోవుట కాదు, సరకు. మన యిండ్లకు మొదట వచ్చినది వి.సి.డి. ఒక దానిలో 74 నిమిషములే పట్టును. మూడుగంటల తెలుగు చిత్రమునకు మూడు డిస్కులు కావలెను. కథయే ఇరుకున ఉండగా వ్యాఖ్యకు తావేది? 2007లో మోజర్ బేర్ సంస్థ వి.సి.డి. 28 రూపాయలకు, డి.వి.డి. 34 రూపాయలకు అమ్మజూపినప్పుడు ఊరూర పాతచిత్రములు దొరకినవి. అది చిన్న ఉపకారము కాదు. ఆ ధరలో అనుబంధములను ఆశించుట అత్యాశ. 2018లో ఆ సంస్థయే మూతపడు స్థితికి వచ్చినది.

ఇప్పుడు డిస్కులకే కాలము చెల్లుచున్నది. 1998నుండి అమెరికాలో తపాలా ద్వారా డి.వి.డి.లు అద్దెకు పంపిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని మానినది. ఫోనులో, టీ.వీ.లో నేరుగా వచ్చు చిత్రములకు వ్యాఖ్యలు తోడుగా వచ్చుట అరుదు. అనుబంధములతో చిత్రములను చూపిన ఫిల్మ్‌స్ట్రక్ అను అంతర్జాలశాల 2018లో మూతపడినది. మరుసటి యేడు అమెరికా, కెనడాలవారికై ఆరంభమైన క్రైటీరియన్ ఛానెల్ కొన్నింటిని నిలుపుకొని వచ్చుచున్నది. డిస్కు మన బీరువాలో ఉండును. అద్దెకు వచ్చు చిత్రము ఇచ్చినవాని దయ. పాతప్రతులు గల ఉపాధ్యాయులు వానిని తూకమునకు వేయవద్దని మనవి.

వ్యాఖ్య చెప్పుటకు డిస్కే కావలెనని లేదు గదా. కిందటి యేడు మా విద్యార్థులు మా పట్టణములోని పాత సినిమాహాలు ఆపరేటరొకరిని వెదకి పట్టుకొనినారు. ఆయన యౌవనమున, 1970వ దశకములో, 'మాయాబజార్' మరల మరల వచ్చినప్పుడెల్ల దానిని ఆడించినవాడు. ల్యాప్‌టాప్‌లో చిత్రము పెట్టి, ఫోనులో ఆయన మాటను రికార్డు చేసినారు. కార్బను కడ్డీలు అరిగిపోవునప్పుడు వెలుగు ఎట్లు తగ్గెడిదో, ఏ పాటకు జనము మరల వేయుమని అరచెడివారో, రీలు మార్చుటకు ఏ దృశ్యమున గుర్తు పెట్టుకొనెడివాడో ఆయన చెప్పినాడు. నలుబది నిమిషములు వచ్చినది. పిల్లలు దానిని ఇప్పుడు కాగితముపై ఎక్కించుచున్నారు. లడ్డుల దృశ్యము వచ్చుచోట వ్రాయుటకు మాటలు లేవు. వ్రాయుచున్న బాలిక అక్కడ కుండలీకరణములలో, తాతగారు నవ్వుచున్నారు అని వ్రాసినది.