చౌడునకును మంచునకును నిలిచిన కాంక్రీటు

కెనడా పశ్చిమ మైదానములలోని సస్కాచువాన్ రాష్ట్రమున, వేసవి ముదిరి పల్లపు కుంటలెండినపుడు, వాని యంచులవెంట తెల్లని పొర పేరుకొనును. మన యూళ్ల చౌడునేలలను చూచినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు; కాని అచటి చౌడులో మెండుగ నుండునవి సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ నేలలో పోసిన కాంక్రీటు, రాయివలె తరతరములు నిలుచునని తలపోసిన కాంక్రీటు, కొలది యేండ్లకే ఉబ్బి, నెఱియలు వాఱి, గోటితో గీచిన రాలునంత మెత్తబడుట చూచి ఇంజనీర్లు కలవరపడిరి.

ఈ వ్యాధికి మూలము వెదకినవాడు సస్కాచువాన్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రాచార్యుడు థోర్‌బర్గర్ థోర్వాల్డ్‌సన్. 1883లో ఐస్లాండులో జన్మించి, బాల్యముననే కెనడా చేరి, హార్వర్డులో డాక్టరేటు పొంది, 1914లో ఆయన ఆ విశ్వవిద్యాలయమున కొలువు చేరెను. సిమెంటును ఒక్క పదార్థముగ నెంచక, అందలి సమ్మేళనములను వేఱువేఱుగ తయారుచేసి, వానితో సన్నని కడ్డీలు పోతపోసి, సల్ఫేటు ద్రావణములలో నుంచి, అవి యెంత సాగినవో కొలుచుచు ఆయనయు శిష్యులును ఏండ్లకేండ్లు గడపిరి. ఇట్టి ఓపికను తలచినపుడెల్ల నాకు చేతులు జోడింపవలెననిపించును. తుదకు తేలిన దోషి, సిమెంటులోని సమ్మేళనములలో నొకటియైన ట్రైకాల్షియం అల్యూమినేటు. సల్ఫేటు దానిని కలిసినచోట ఎట్రింగైటు అను సూదులవంటి స్ఫటికము పుట్టును. అది తనలో నీటిని విశేషముగ నిముడ్చుకొని, ఉన్న చోటు చాలక, చుట్టుగోడలను లోపలినుండి చీల్చును. తొలినాటి రసాయనజ్ఞులు దీనికి ‘సిమెంటు క్రిమి’ యని పేరిడుట ఎంత సార్థకము! రోగము తెలిసినపిదప మందు దుర్లభము కాలేదు: ముడిసరకులో ఇనుము పాలు పెంచి, ఆ అల్యూమినేటును సుమారు 5 శాతమునకు లోబఱచిన సిమెంటు సల్ఫేటు తాకిడికి నిలువగలిగెను.

అయినను చలి మిగిలియున్నది. శీతకాలమున అచట ఉష్ణోగ్రత సున్నకు దిగువ 40 డిగ్రీలవఱకు పడుట కలదు. నీరు గడ్డకట్టునపుడు సుమారు 9 శాతము పెరుగును. మట్టికుండ గోడవలె కాంక్రీటునను సన్నని రంధ్రములు కలవు గనుక, వానిలోని నీరు పోవు దారిలేక గోడలనొత్తును. దీనికి విరుగుడు ఎవరును వెదకకుండగనే దొరకినది. 1930ల నడుమ అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున కొన్ని రోడ్లు మాత్రము మంచునకు చెడక నిలిచియుండుట గమనించి ఆరాతీయగా, వాని సిమెంటును నూఱునపుడు పశువుల కొవ్వు కలిపినట్లు తేలెను. ఆ కొవ్వు సబ్బువలె పనిచేసి, కాంక్రీటులో కంటికానని గాలిబుడగలను కోట్లకొలది పుట్టించినది. పిమ్మట పైన్ చెట్ల మోళ్లనుండి తీసిన రెసిను మున్నగునవి ఆ పనికి వచ్చినవి.

బుడగ యేల రక్షించునో చికాగోలోని పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్‌కు చెందిన టి. సి. పవర్స్ 1945, 1949 సంవత్సరముల వ్యాసములలో వివరించెను. గడ్డకట్టు మంచు త్రోయు నీటికి దాపునే ఖాళీ చోటు దొరకవలెను; ఆ దూరము సుమారు మిల్లీమీటరులో అయిదవ వంతునకు మించరాదు. కావున గాలి యెంతయున్నదని గాక, ఎంత సన్నగ, ఎంత దగ్గరదగ్గరగ చెదరియున్నదని చూడవలెను. గాలి 1 శాతము పెరిగిన బలము సుమారు 5 శాతము తగ్గును. ఆ నష్టమునెఱిగియే దానిని కోరుకొందురు.

రోడ్లపై మంచు కరగించుటకు చల్లు ఉప్పు మఱియొక చిక్కు. ఉప్పు చిక్కనైనకొలది హాని హెచ్చునని తోచును గాని, పరీక్షలలో కాంక్రీటు పైపొరను మిక్కిలి ఊడదీసినది సుమారు 3 శాతపు పలుచని ఉప్పునీరే.

మంచునుండి కాచునవి ఆ గాలిబుడగలే గనుక, నేడు శీతదేశములలో కాంక్రీటు లారీ పనిచోటికి రాగానే, పోయుటకు ముందు, ఒక గిన్నెడు పచ్చి కాంక్రీటు తీసి, పొరలు పొరలుగ కూరి, మూత బిగించి, పంపుతో గాలినొత్తి, ముల్లు చూపు గాలి శాతమును చదువుదురు. పోసినపిదపను, కాంక్రీటును అదిరించి కుదురుపఱచు వైబ్రేటరును ఒకేచోట ఎక్కువసేపు నిలుపనీయరు. అది బుడగలను పైకి తఱిమివేయును.