అన్నీ క్రిస్మస్ చెట్లే కావు!

చిన్న పెరళ్లకు పొట్టి కోనిఫర్లే మేలు

కడియం: జాతీయ రహదారి పక్కన కడియపులంక నర్సరీల దగ్గర ఆగినవారి చూపు ముందుగా పడేది ‘క్రిస్మస్ చెట్టు’ మీదే. అంతస్తులుగా కొమ్మలు పరచిన అరకేరియా మొక్క అది. కుండీలో ముచ్చటగా ఉంటుంది. ప్రహరీ పక్కన నాటితేనే చిక్కు. పుట్టింటి పసిఫిక్ దీవుల్లో ఇది 150 అడుగులకు ఎదిగే మాను. కరెంటు తీగలకు తగిలిందని తల నరికితే మళ్లీ ఆ రూపు రాదు.

కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. అరకేరియాను గింజతోనైనా, తలకొమ్మతోనైనా పెంచాలి. పక్క కొమ్మ నాటితే వేరు పోసుకుంటుంది గానీ నిలువుగా లేవదు, పక్కకే పాకుతుంది. నడిమి మొవ్వ నిటారుగా ఉందో లేదో చూశాకే డబ్బివ్వాలి.

దేవదారు, పైన్ చెట్ల కుటుంబమే ఈ కోనిఫర్లు. వీటిలో పొట్టివీ ఉన్నాయి. 1904లో కెనడాలోని ఆల్బెర్టాలో దొరికిన పొట్టి స్ప్రూస్ చలి దేశాల తోటల్లో పేరు పొందింది. మన మైదానాల ఎండకు అది నిలవదు.

ఇక్కడ నిలిచేవి వేరు. నెమలి పింఛంలాంటి ఆకుల మోర్‌పంఖీలో ‘ఆరియా నానా’ అనే పొట్టి రకం ఉంది. కోడిగుడ్డు ఆకారం, పసిమి రంగు. ఏళ్లు గడిచినా మనిషి ఎత్తు దాటదు. పోడోకార్పస్ నిదానంగా పెరుగుతుంది, కత్తెరకు లొంగుతుంది. కంచెకూ, కుండీకీ పనికొస్తుంది. దాని దగ్గరి చుట్టం ఒకటి పడమటి కనుమల అడవుల్లో ఉంది. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ అదొక్కటే. ఆకులు వెడల్పుగా ఉండటంతో ఎవరూ పోల్చుకోలేరు. అచ్చం పైన్‌లా కనిపించే మన సరుగుడు మాత్రం కోనిఫర్ కానే కాదు, పూలు పూసే జాతి!

వీటికి నీరు నిలవడమే పెద్ద శత్రువు. నల్లరేగడిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి కాస్త మెరక చేసి నాటాలి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ సోకని తూర్పు వైపు మంచిది. అలాగని కుండీ ఎండనివ్వరాదు. తడి ఆరినా ఈ ఆకులు వెంటనే వాలిపోవు. గోధుమ రంగుకు తిరిగాక నీళ్లు పోసినా ఫలితం ఉండదు. మోర్‌పంఖీకి ఆకున్న మేరకే కత్తెర వేయాలి. ముదురు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు.

కొనేవారు లేనిదే ఏ నర్సరీ రైతూ నిదానంగా పెరిగే మొక్కను ఏళ్ల తరబడి సాకలేడు. అడగందే అమ్మయినా పెట్టదు. ఈసారి నర్సరీకి వెళ్లినవారు క్రిస్మస్ చెట్టు ధరతోపాటు ఈ పొట్టి మొక్కల సంగతీ అడిగి చూడాలి.