వేగం పెంచే ముందు బ్రేకు సంగతి చూడాలి

సాలూరు పేరు చెబితే ఎవరికైనా ముందు లారీలే గుర్తుకొస్తాయి. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీల ఊరుగా దీనికి పేరు. 2022 వరకు విజయనగరం జిల్లాలోనూ, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణంలో మెకానిక్కు షెడ్లకు, బాడీలు కట్టే షెడ్లకు కొదవ లేదు.

ఆ పానా పట్టే సరదా ఇప్పుడు షెడ్లు దాటి ఇళ్ల వాకిళ్లలోకి వచ్చింది. పాత కారొకటి చవగ్గా కొని, ఇంటి దగ్గరే విప్పి, దాన్ని స్పీడు బండిగా మార్చాలని ఉబలాటపడే కుర్రకారు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతీ 800 ఇలాంటి వారికి బాగా నచ్చిన బండి. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజనే అయినా బండి తేలిక. విడిభాగాలు దొరుకుతాయి. విప్పడం, బిగించడం సులువు.

పని నేర్చుకోవడం మంచిదే. ఆ సరదా ప్రాణం మీదికి రాకుండా చూసుకోవడం ముఖ్యం.

నాయుడుగారి దారి

యంత్రాన్ని సొంతంగా విప్పి విద్య నేర్చినవారిలో కోయంబత్తూరుకు చెందిన తెలుగువాడు జి.డి.నాయుడు (1893–1974) పేరు ముందు చెప్పుకోవాలి. బడి చదువు అంతంతమాత్రమే. ఓ ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు చూసి ముచ్చటపడ్డారు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నారు. అంగం అంగం విప్పి, మళ్లీ బిగించి, దేని పని ఏమిటో తెలుసుకున్నారు. 1920లో పొల్లాచ్చి – పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల సంస్థకు అధిపతి అయ్యారు. 1937లో బాలసుందరంతో కలిసి కరెంటు మోటారు తయారు చేశారు. ఆయన ముందు తెలుసుకున్నారు, తర్వాతే మార్చారు. నేటి కుర్రకారు పట్టవలసిన వరస ఇదే.

రోగం తెలిశాకే మందు

నీరసించిన ఇంజను స్పీడుకు పనికిరాదు. కనుక మొదట బండిని ఆరోగ్యంగా చేయాలి. పెట్రోలు ఇంజనుకు కావలసినవి నాలుగు: గాలి, పెట్రోలు, సరైన వేళకు నిప్పు, లోపల గట్టి ఒత్తిడి. బండి మొరాయించినప్పుడు వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించాలి. అన్నీ ఒకేసారి కదిపితే తప్పు ఎక్కడున్నదో తేలదు.

ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను కథ సగం తెలుస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే పని సవ్యంగా ఉన్నట్టు. నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతున్నట్టో, ఫిల్టరు మూసుకుపోయినట్టో. నూనె జిడ్డు ఉంటే రింగులు అరిగినట్టు అనుమానించాలి. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతున్నట్టు. పొగ కూడా ఇలాగే మాట్లాడుతుంది. నీలి పొగ ఇంజను ఆయిలు కాలుతోందనీ, నల్ల పొగ పెట్రోలు వృథా అవుతోందనీ చెబుతుంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటరు నీళ్లు తగ్గుతుంటే హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చు.

సైలెన్సరు కోసేస్తే మోత పెరుగుతుందే గాని బలం పెద్దగా పెరగదు. హెడ్డు ఎక్కువగా రాపిస్తే ఒత్తిడి హద్దు మీరి, టకటక కొట్టుకుని పిస్టను పగిలే ప్రమాదమున్నది. రిలే లేకుండా పెద్ద బల్బులు పెడితే వైర్లు కాలి కారే అంటుకోవచ్చు.

ఒంటి జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరడం, తలుపులు మూసిన పాకలో ఇంజను నడపడం ప్రాణాంతకం. కారుకు స్టాండ్లు పెట్టాలి. పాక తలుపులు బార్లా తెరవాలి.

రెట్టింపు వేగానికి నాలుగు రెట్ల దూరం

బండి వేగం రెట్టింపైతే దానిలోని గతిజ శక్తి నాలుగు రెట్లవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక 10 మీటర్లలో ఆగే కారుకు, అదే రోడ్డు మీద 80లో సుమారు 40 మీటర్లు కావాలి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నెంబరు జాతీయ రహదారి పక్కనే ఎన్నో ఊళ్లున్నాయి. పశువులు, సైకిళ్లు, బడి పిల్లలు ఆ రోడ్డు దాటవలసినవారే. ఆ అదనపు 30 మీటర్లలో ఎవరుంటారో చెప్పలేం.

సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే ఘాటు రోడ్డు ఇంకో పరీక్ష. దిగుడులో అదే పనిగా బ్రేకు తొక్కితే లైనింగులు కాలి పట్టు తప్పుతాయి. పాతబడి చెమ్మ పట్టిన బ్రేకు ఆయిలు మరిగి, పెడలు ఉత్తినే కిందికి దిగిపోతుంది. అందుకే ఇంజనుకు ఖర్చు పెట్టే ముందు ఆయిలు మార్చాలి. లైనింగులు, గొట్టాలు, టైర్లు చూడాలి. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతోందా అన్నది ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి తేల్చుకోవాలి.

చట్టం మాటేమిటి?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇంజను మార్చదలిస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవలసిందే.

అరిగినవి మార్చుకుని, ఉన్న ఇంజనును పూర్వపు సత్తువకు తేవడానికి చట్టం అడ్డు రాదు. పాత కారుకు అదే సగం స్పీడు. ఘాటు దిగే లారీ డ్రైవరు కొండ అంచున ఒక్క క్షణం ఆగి, గేరు తగ్గించుకుని, బ్రేకు చూసుకుని మరీ కదులుతాడు. వాకిట్లో కారు విప్పే కుర్రవాడు ఆ ఒక్క క్షణం ఆగగలిగితే చాలు.