నేటాలు శాసనసభయు భారతీయుల మహజరును

విన్నపమును స్వీకరించుట వేఱు. న్యాయము చేకూర్చుట వేఱు. వలసరాజ్యముల శాసనసభలు మొదటి దానిని మర్యాదగా నెరవేర్చి రెండవదానిని మఱచుట చరిత్రలో పలుమాఱులు కానవచ్చుచున్నది. దక్షిణాఫ్రికాలోని నేటాలు శాసనసభ 1894లో భారతీయుల మహజరు విషయమున ప్రవర్తించిన తీరు ఇందులకు తార్కాణము.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. నేటాలు చెఱకుతోటలకు కూలీలను గొనిపోయిన మొదటి యోడ చెన్నపట్టణమునుండి బయలుదేఱి 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. నాటినుండి 1911 వఱకు లక్షయేబదివేలకు పైబడిన జనము ఒడంబడిక కూలీలుగా అచ్చటికి పోయిరి. తెలుగు జిల్లాలవారు వారిలో ననేకులు.

నేటాలునకు 1893లో బాధ్యతాయుత ప్రభుత్వము లభించెను. మఱుసటి యేడే భారతీయుల వోటుహక్కును తొలగించు బిల్లు సభకు వచ్చెను. ఆ దరిదాపులనాటి లెక్క ప్రకారము ఐరోపీయ వోటర్లు తొమ్మిదివేలకు పైచిలుకు. భారతీయ వోటర్లు సుమారు 250 మంది! అయినను భయపడినవారు బలవంతులే. పైగా, భారతీయులు ఈ బిల్లునకు అభ్యంతరము చెప్పలేదనియు, వారు వోటునకు తగరనుటకు ఆ మౌనమే నిదర్శనమనియు సభ్యులు వాదించిరి.

స్వదేశమునకు పయనమైయున్న యువన్యాయవాది గాంధి ప్రయాణము మానుకొని కలము పట్టెను. వాయిదా కోరుచు తంతి పోయెను. సభ రెండు దినములు గడువొసగెను. ఒక్క రాత్రిలో సుమారు 500 సంతకములు చేరెను. పత్రికలు సానుభూతి చూపెను. సభలో చర్చయు జరిగెను. బిల్లు మాత్రము యథాప్రకారము నెగ్గెను. నోరు మెదపకున్న తగరు. నోరు విప్పినను తగరు! తీర్పు ముందే వ్రాసికొన్న న్యాయస్థానమున విచారణ యేల?

అంతట పదివేల సంతకములతో మఱియొక మహజరు వలసరాజ్యముల మంత్రియగు రిప్పనుప్రభువునకు పోయెను. లండను ప్రభుత్వము తుదకు ఆ బిల్లునకు సమ్మతి నిరాకరించెను. నేటాలు సభ 1896లో వేఱొక చట్టము చేసెను. అందు భారతీయులను మాట లేదు. పార్లమెంటరీ వోటుహక్కుపై నేర్పడిన ప్రాతినిధ్య సంస్థలు లేని దేశములనుండి వచ్చిన ఐరోపీయేతరులకు వోటు లేదని మాత్రమే యుండెను. అప్పటికే జాబితాలో నున్నవారిని విడిచిపెట్టిరి. పేరు పోయెను, పోటు మిగిలెను.

ఆ సభయే 1895లో, ఒడంబడిక తీఱినపిదప అచ్చటనే నిలిచిన కూలీపై ఏటేట 3 పౌనుల పన్ను విధించుటకు చట్టము చేసెను. దానిపైనను విన్నపములు పోయెను; ఫలితము శూన్యము. 1913లో కూలీలు పనులు మాని, చెఱసాలలకు నడచి, తుపాకి గుండ్లకు గుఱియైన పిమ్మటగాని 1914లో ఆ పన్ను రద్దు కాలేదు.

అయినను మహజరు వ్యర్థమని మేము తలపము. సంతకములకై ఇల్లిల్లు తిరిగినవారే 1894 ఆగస్టులో నేటాలు ఇండియన్ కాంగ్రెసును స్థాపించిరి. సభ కదలకపోయినను ప్రజ కదలెను.

విన్నవించువాని వోటుతో పనిలేని సభకు విన్నపము బిచ్చపు కేక వంటిది. నేడు మన లోకసభలో విన్నపములను పరిశీలించుటకు ప్రత్యేకసంఘము గలదు, విన్నవించువారు వోటర్లు. పుచ్చుకొన్న ప్రతి విన్నపమునకును కారణసహితమైన బదులు చెప్పుట సభల విధియని మా దృఢాభిప్రాయము. బదులు చెప్పని సభకు నేటాలు సభకు నడుమ భేదమేమి?