బీరువాలో సినిమాలు: ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి

ఇంట్లో ఉన్న సీడీలూ డీవీడీలూ తీసేసి అన్నీ ఫోర్‌కేలోకి మార్చుకుందామా అని అడిగినవాళ్ళను నేను ముందుగా అడిగేది ఒకటే. "మీ టీవీకీ సోఫాకీ మధ్య ఎన్ని అడుగులు?" తెనాలిలో వీడియో లైబ్రరీ నడిపినవాణ్ణి. షాపు మూసేసి చాలా ఏళ్ళయినా ఈ రకం సందేహాలు మా ఇంటి గుమ్మం దాకా వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు "బాబాయ్, ఒరిజినల్ ప్రింటా, కెమెరా ప్రింటా?" అని కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగినవాళ్ళ పిల్లలే ఇప్పుడు "ఫోర్‌కేకి వెళ్ళమంటారా తాతయ్యా?" అంటున్నారు.

అడుగుల లెక్క ఎందుకంటే, మామూలు చూపున్న కంటికి ఒక హద్దు ఉంది. 55 అంగుళాల టీవీలో బ్లూరే బొమ్మ వేస్తే, దాంట్లో ఉన్న పిక్సెళ్ళు కంటికి విడివిడిగా అందాలంటే ఏడడుగుల లోపు కూర్చోవాలి. 43 అంగుళాల టీవీకైతే ఐదున్నర అడుగులు, 65కి ఎనిమిదిన్నర. అంతకన్నా వెనక కూర్చుంటే ఫోర్‌కేలో ఉన్న అదనపు పిక్సెళ్ళు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మన హాళ్ళలో సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంటుంది. పది, పన్నెండు అడుగులు ఎటూ పోవు. అదే డీవీడీ సంగతి వేరు. 55 అంగుళాల తెర మీద దాని పలచదనం పద్దెనిమిది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. కాబట్టి డీవీడీ నుంచి బ్లూరేకి మారితే ఇంటిల్లిపాదికీ తేడా కనిపిస్తుంది. బ్లూరే నుంచి ఫోర్‌కేకి మారితే కుర్చీ ముందుకు లాక్కునేవాడికే కనిపిస్తుంది.

లెక్కలు కావాలంటే ఇవీ. వీసీడీలో ఒక్కో ఫ్రేము 352 నిలువు వరసలు, 288 అడ్డు వరసలు, వెరసి లక్ష పిక్సెళ్ళు. మన పాల్ పద్ధతి డీవీడీలో నాలుగు లక్షల పధ్నాలుగు వేలు. 2006లో వచ్చిన బ్లూరేలో ఇరవై లక్షల పైచిలుకు. 2016లో వచ్చిన ఫోర్‌కే డిస్కులో దాదాపు 83 లక్షలు. ఫోర్‌కేకి ఇంకో గుణం కూడా ఉంది. పాత డిస్కుల్లో ఒక్కో రంగుకి 256 మెట్లుంటే దీంట్లో 1024. దానికి తోడు హెచ్‌డీఆర్ అని వెలుగునీడల తేడాను బాగా పెంచి చూపే పద్ధతి. దీపాల వెలుగులో తీసిన సీను, చీకట్లో నడిచే ఫైటు ఉన్న సినిమాలో ఆ మేలు పన్నెండు అడుగుల నుంచి కూడా తెలుస్తుంది, టీవీకి ఆ సత్తా ఉంటే. అట్ట పెట్టె మీద హెచ్‌డీఆర్ అని అచ్చేసిన ప్రతి చవక టీవీకీ ఆ సత్తా ఉండదు.

ఇంతవరకూ డిస్కు సంగతి. డిస్కులోకి బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందనేదే అసలు సంగతి, అది అట్ట మీద ఎవరూ రాయరు.

ఒక ఉదాహరణ చెబుతాను. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది. ఆ తర్వాత పెద్ద సినిమాలు చాలావరకు స్కోపులోనే వచ్చాయి. ఎత్తుకు రెండింతల పైన వెడల్పున్న బొమ్మ అది. ఇలాంటి సినిమాల పాత డీవీడీలు బోలెడన్ని పాత చదరపు టీవీల కొలతకి తయారయ్యాయి. పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో బొమ్మ. ఆ డిస్కును ఇవాళ్టి 55 అంగుళాల టీవీలో వెయ్యండి. పైనా కిందా సరే, పక్కల కూడా నల్ల పట్టీలు వస్తాయి. నాలుగు వైపులా నలుపు, నడిమధ్యన 36 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న కిటికీలో హీరో. డీవీడీలో ఉన్న 576 అడ్డు వరసల్లో బొమ్మకు దక్కింది 327 మాత్రమే, మిగతాదంతా నలుపుకే పోయింది. రిమోట్‌లో జూమ్ నొక్కితే తెర నిండుతుంది కానీ ఆ 327 వరసలే సాగుతాయి. అదే సినిమాని వెడల్పు టీవీకి తగ్గట్టు చేసిన డీవీడీలో 436 వరసలు దక్కుతాయి. రెండూ డీవీడీలే, రెండింటి అట్టలూ ఒకలాగే ఉంటాయి. స్కోపు సినిమా డీవీడీ వేసినప్పుడు నాలుగు పక్కలా నలుపు వస్తే, దాని బ్లూరే దొరికితే కొనేయండి, ఆలోచన వద్దు.

దొరికితే అన్నాను. తెలుగువాడి కష్టం అక్కడే. హాలీవుడ్ సినిమాలు పోగేసేవాడికి ఏది కొనాలన్నదే సమస్య, మనకి అసలు ఉందా అన్నది. మన పాత సినిమాల్లో ఎక్కువ భాగం డీవీడీ దగ్గరే ఆగిపోయాయి, కొన్ని వీసీడీ దాటలేదు. 2007 ప్రాంతంలో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్ళు 28 రూపాయలకు వీసీడీ, 34కి డీవీడీ తెచ్చినప్పుడు జనం అద్దెకు తీసుకోవడం మాని కొనుక్కోవడం మొదలెట్టారు. ఇవాళ బీరువాల్లో ఉన్న సరుకులో చాలావరకు ఆ రోజులదే. వాటిలో చిన్న సినిమాలకు మరో రూపం రాలేదు. కాబట్టి వీసీడీ అని చులకనగా పాత సామాన్ల బండికి వేసేముందు ఆ సినిమా ఇంకెక్కడైనా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ మూడు సీడీలే దానికి దిక్కు.

కొత్తది ఎప్పుడూ పాతదాని కన్నా మెరుగనుకోవడం కూడా సరి కాదు. 1957 నాటి 'మాయాబజార్'కి రంగులద్ది, వెడల్పు తెరకు తగ్గట్టు మార్చి 2010 జనవరిలో విడుదల చేశారు. ఆ పనిలో ఉన్న శ్రద్ధను తక్కువ చెయ్యను, పిల్లలు ఆ సినిమా చూశారంటే ఆ రంగుల పుణ్యమే. కానీ మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో వెన్నెల కురిపించిన ఫ్రేములు అవి. నా బీరువాలో నలుపు తెలుపు డీవీడీ పై అరలో ఉంది, రంగులది కింద అరలో.

ఇప్పుడు ఫోర్‌కే ముద్ర సంగతి. 2022 ఆగస్టులో 'పోకిరి', సెప్టెంబరులో 'జల్సా' ఫోర్‌కే అని మళ్ళీ థియేటర్లకొచ్చాక ఈ మాట ఊళ్ళో అందరి నోటా నానింది. 1989 నాటి 'శివ' కూడా 2025 నవంబరులో ఫోర్‌కేలో, డాల్బీ అట్మాస్ సౌండుతో వచ్చింది. ఏ సినిమాకి ఫోర్‌కే నిజంగా అబ్బుతుందో చెప్పడానికి ఒక సూత్రముంది, వినడానికి తిరకాసుగా ఉంటుంది. ఫిల్ము మీద తీసిన 35 ఎంఎం నెగటివ్‌లో సుమారు ఫోర్‌కేకి సరిపడా వివరం ఉంటుంది. నెగటివ్ చెడిపోకుండా ఉంటే, దాన్ని కొత్తగా స్కాన్ చేస్తే 1980ల సినిమా కూడా నిజమైన ఫోర్‌కే అవుతుంది. రెండు వేల తర్వాత ఎడిటింగూ రంగుల సర్దుబాటూ కంప్యూటర్లోకి మారాయి. అప్పటి సినిమాలు చాలావరకు టూకే ఫైళ్ళుగానే పూర్తయ్యాయి, అంటే బ్లూరేకి అటూ ఇటూ. వాటికి ఫోర్‌కే ముద్ర వేసినా సాగదీసిన టూకేనే. అందుకని 2009 నాటి సినిమా కన్నా 1989 నాటి సినిమాకే ఫోర్‌కే ఎక్కువ లాభం చెయ్యవచ్చు. అంతా నెగటివ్ మీద ఉంది. అది లేక థియేటర్లో తిరిగిన ప్రింటు నుంచి స్కాన్ చేస్తే ఆ గీతలూ వెలిసిన రంగులూ కూడా ఫోర్‌కేలో స్పష్టంగా వస్తాయి.

సర్కారు వాళ్ళు కూడా ఈ పని చేస్తున్నారు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసిన 'శంకరాభరణం'ను 2022లో, 'దేవదాసు'ను 2024లో గోవా చిత్రోత్సవంలో వేశారు. ఇలా బాగుచేసినవీ, థియేటర్లకు మళ్ళీ వచ్చినవీ అన్నీ డిస్కులుగా మన చేతికి రావు. అందుకే 'శంకరాభరణం' లాంటి సినిమా డీవీడీని నేను పారేయమనను. ఎప్పుడైనా మంచి డిస్కు వస్తే అప్పుడు మార్చుకుందాం, ఈలోగా ఇది ఉండనీ అంటాను.

ఓటీటీలో ఉంది కదా, డిస్కు దేనికి అంటారు. ఉన్నంతకాలం ఉంటుంది. ఒప్పందం ముగిసిన రోజు పోతుంది, మనకి కబురు కూడా రాదు. నాణ్యత కూడా చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఫోర్‌కేకి అడిగే ఇంటర్నెట్ వేగం 15 ఎంబీపీఎస్. మామూలు బ్లూరే డిస్కు బొమ్మకే 40 దాకా ఇవ్వగలదు, ఫోర్‌కే డిస్కు వందకు పైన. వర్షం, పొగ, దుమ్ము లేచే సీన్లలో ఆ తేడా ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. అయితే ఒక్కసారి చూసి మరిచిపోయే సినిమాకి ఓటీటీ చాలు. ఏటా సంక్రాంతికి మళ్ళీ వేసుకునేదైతేనే డిస్కు మాట ఎత్తండి.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. బాహుబలి, ఆర్ఆర్ఆర్ బ్లూరేలు జపాన్‌లో కూడా వచ్చాయి, అభిమానులు తెప్పించుకుంటున్నారు. బ్లూరేకి ప్రాంతాల గీతలున్నాయి. అమెరికా, జపాన్ 'ఎ', మనం 'సి'. అక్కడి డిస్కు మన ప్లేయర్లో మొండికేయవచ్చు. డీవీడీకీ అంతే, అమెరికా ఒకటో నంబరు, ఇండియా ఐదు. ఫోర్‌కే డిస్కులకు మాత్రం ఈ గొడవ లేదు. అల్లుడికి లిస్టు పంపినప్పుడు డిస్కు పెట్టె వెనకాల ఆ అక్షరం చూడమనండి.

ఈమధ్య ఒక కుర్రాడు రెండు సంచుల డీవీడీలతో వచ్చాడు. ఏవి అమ్మాలి, ఏవి ఉంచాలి, ఏ ఫోర్‌కే ప్లేయర్ కొనాలి అని. అన్నీ బల్ల మీద పరిచాం. వెనక్కి తిప్పి చూశాను. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కు వెనక వెండిలా మెరుస్తుంది. కంప్యూటర్లో రాసినది ఊదారంగులోనో ఆకుపచ్చగానో ఉంటుంది. ఆ రంగు ఒక రసాయనం, ఎండకీ వేడికీ వెలిసిపోతుంది, వెలిశాక డిస్కు చదవదు. సినిమాలన్నీ వెండివే. ఊదారంగువి మూడు ఉన్నాయి. అక్క పెళ్ళి. అడుగున రబ్బరు బ్యాండు చుట్టిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు. వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి. "ఇది పారేద్దామని తెచ్చాను, ప్లేయరే లేదు కదా" అన్నాడు.

క్యాసెట్టు పక్కన ఉన్న మీట నొక్కి మూత ఎత్తి చూపించాను. అరంగుళం వెడల్పు టేపు. అంచుల మీద తెల్లగా పొడి. బూజు. డెల్టా తేమలో, బీరువా అడుగున, ఇన్నేళ్ళకు ఇది మామూలే. మూడు గంటల క్యాసెట్లో సుమారు 258 మీటర్ల టేపు ఉంటుంది. వీసీఆర్ డెక్కులో ఉన్న డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ దాని మీద ఏటవాలుగా రాసిన గీతల్ని చదువుతుంది. బూజు పట్టిన టేపును అలాగే దోపితే ఆ పొడి హెడ్డుకు అంటుకుని బొమ్మ పోతుంది, తర్వాత పెట్టిన క్యాసెట్టుకూ అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి, ఆ తర్వాతే ఆడించాలి. ఆడించేందుకు డెక్కు కావాలి. లోకంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇక పాతవాటి మరమ్మతే గతి, అది చేసే చేతులు ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

సినిమాకైతే ఎక్కడో ఒక నెగటివ్ మిగిలి ఉండవచ్చు, ఎవరో ఒకరు ఎప్పుడో స్కాన్ చేయవచ్చు. ఆ కుర్రాడి అమ్మానాన్నల పెళ్ళికి నెగటివ్ ఈ క్యాసెట్టే. నిజానికి ఇది కూడా కాపీనే. వీడియో తీసినాయన కెమెరా టేపుల నుంచి పాటలూ పూల చట్రాలూ కలిపి చేసిచ్చిన కాపీ. ఆయన ఒరిజినల్ టేపు మీద ఆ వారమే ఇంకో పెళ్ళి తీసి ఉంటాడు.

దీన్ని ఏ రూపంలోకి మార్చాలి అంటే ఫోర్‌కే అక్కర్లేదు. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉండేదే 240 గీతల వివరం, డీవీడీ కొలత ఫైలు దానికి ధారాళంగా సరిపోతుంది. మార్చేచోట రెండు సంగతులు అడగండి. ఒకటి, మరీ నొక్కి చిన్నది చేయకుండా పెద్ద ఫైలే ఇమ్మనండి. రెండు, దాన్ని డీవీడీ మీద రాసి ఇవ్వకుండా హార్డ్‌డిస్కులో ఇమ్మనండి. ఊదారంగు డిస్కు మీదికి మార్చుకుంటే ఒక రోగం నుంచి ఇంకో రోగానికి వెళ్ళినట్టు. ఆ ఫైలు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్ళల్లో ఉండాలి. ఏఐతో ఫోర్‌కే చేసిస్తాం అంటే ముందు పది సెకన్లు చేసి చూపించమనండి. మసకగా ఉన్న మొహాలకు అది తనకు తోచిన కళ్ళూ ముక్కూ పెడుతుంది. తలంబ్రాలు పోస్తున్న అమ్మ నున్నగా, ఎవరో సీరియల్ నటిలా తయారవుతుంది.

అన్నీ విన్నాక కుర్రాడు అసలు మాటకు వచ్చాడు. "మరి ప్లేయర్ తాతయ్యా?" వాళ్ళ హాలు కొలత అడిగాను. పదకొండు అడుగులు, 43 అంగుళాల టీవీ. ఉన్న డీవీడీ ప్లేయర్ చాలన్నాను. బ్లూరే దాకా వెళ్ళాలనిపిస్తే నాలుగు పక్కలా నలుపు వచ్చే స్కోపు డీవీడీలు ఏవో ముందు లిస్టు రాసుకుని, వాటిలో బ్లూరే ఉన్నవి ఎన్నో చూసి అప్పుడు కొనమన్నాను. క్యాసెట్టు మాత్రం సంచిలో వెయ్యనివ్వలేదు. గుంటూరులో ఇంకా డెక్కులు బాగుచేసే మనిషి ఒకాయన ఉన్నాడు. అడ్రసు రాసిచ్చి, సాయంత్రం బస్సుకే వెళ్ళమని చెప్పాను.