ఫిలింనగరు నుండి మదరాసు ఎంత దూరము?

హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయము నుండి మదరాసు మీనంబాకమునకు పటముపై సరళరేఖ గీచినచో, అది శ్రీశైల పరిసరముల మీదుగా సాగి, నల్లమల యడవులను దాటి, నెల్లూరు సీమ వెంబడి దక్షిణమునకు దిగును. ఆ రేఖ పొడవు సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోగల జెట్టు విమానమునకు ఇది నలుబది నిమిషముల పని గదా, కాలపట్టికలో గంటంబావు అని యేల వ్రాయుదురని పలువురు అడుగుచుందురు. విమానము పూర్ణవేగమును అందుకొనునది మిన్నున చాల ఎత్తునకు ఎక్కిన పిమ్మటనే. ఇంత చిన్న ప్రయాణములో ఎక్కుట ముగిసిన కొంతసేపటికే దిగుట ఆరంభమగును. రన్‌వే వరకు నేలపై మెల్లగా దొర్లుచు పోవుటయు, వంతు కొరకు వేచియుండుటయు ఆ లెక్కలోనివే.

రైలు కథ వేరు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తిన్నగా దక్షిణమునకు పోక, కాజీపేట, వరంగల్లు, ఖమ్మముల మీదుగా బెజవాడ చేరి, అచ్చట మలుపు తిరిగి గూడూరు దారి పట్టును. కనుకనే 510 కాస్తా 790 కిలోమీటర్లగును, ఒక రాత్రి దారిలోనే తెల్లవారును.

ఈ రెండు లెక్కల నడుమనే తెలుగు చలనచిత్ర పరిశ్రమ దశాబ్దములు గడపినది. 1953లో జాతీయము చేయబడిన దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానముల వేగమునకు హైదరాబాదు పాత విమానాశ్రయమైన బేగంపేట నుండి మదరాసు ఇంచుమించు రెండు గంటల దారి. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976లో హైదరాబాదున బండరాళ్ల గుట్టపై వెలసిన నాటికిని, రంగుల నెగెటివు కడిగెడి ల్యాబులకు మదరాసే దిక్కు. పగలంతయు తీసిన ఫిలిమును నల్లకాగితమున చుట్టి, రేకుడబ్బాలో పెట్టి, మూత అంచున టేపు బిగించి పంపవలెను. అచ్చట కడిగి, ప్రింటు వేసి, రష్ చూచి, బాగున్నదన్న కబురు అందువరకు ఇచ్చట సెట్టు విప్పుటకు నిర్మాతకు ధైర్యము చాలదు. విప్పని సెట్టునకు ఫ్లోరు అద్దె ఏ రోజుకారోజు పెరుగుచునే యుండును. మదరాసు ఎంత దూరమో ఆ నిర్మాతకు అద్దె బిల్లే చెప్పెడిది.

2008 మార్చిలో విమానముల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదునకు మారినవి. శంషాబాదు నగరమునకు దక్షిణమున నుండుటచే ఆకాశమార్గము ఇరువది కిలోమీటర్ల వరకు తగ్గినది. జూబిలీహిల్స్ వారికి మాత్రము, చెక్‌పోస్టు దాటి కొద్దిసేపటిలో అందెడి బేగంపేటకు మారుగా, ముప్పది కిలోమీటర్ల నేలదారి ఎదురైనది. మరుసటి యేడు మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల వంతెనదారి తెరచుటతో ఎంతో మేలు జరిగినది. అయినను దూరమును గుమ్మము నుండి గుమ్మము వరకే కొలువవలెనని నా అభిప్రాయము. ఏడు గంటల విమానము అందుకొనవలెనన్న ఫిలింనగరులో నాలుగున్నరకే కారు ఇంటిముందు నిలువవలెను. విమానము చక్రములు కదలులోపలనే, గాలిలో గడపబోవు కాలమునకు రెట్టింపు కన్న ఎక్కువే నేలమీద గడచిపోవును.