వాడుక మాటలోని సందిగ్ధోక్తులు: కలువాయి పలుకుబడి

విద్యార్థులు పల్లెలకు పోయి వ్రాసికొని వచ్చిన సంభాషణములను పరిశీలించునపుడు మేము తరచుగా నొక లోపమును గమనించుచున్నాము. వక్త పలికిన 'ఏమో', 'అంట', 'ఏదో' మున్నగు మాటలు వ్రాతలో మాయమగుచున్నవి. అవి యర్థము లేని ఊతపదములని వారి తలంపు కాబోలు. ఈ తలంపు పొరపాటు.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున నున్న కలువాయి వంటి మెట్టప్రాంతమున వానను గూర్చిన మాట వట్టి కాలక్షేపము కాదు. విత్తుటయు మానుటయు దానిపై నాధారపడి యుండును. ఆ ప్రాంతపు మాటతీరున మూడు వాక్యములను పోల్చి చూతము: "సోమశిల దిక్కున వాన పడిందంట", "వాన పడిందేమో", "వాన పడినట్టుండాది". మొదటిది వినికిడి; దాని పూచీ వేరొకనిది. రెండవది కేవలము ఊహ. మూడవదాని యందు వక్తకు తోచిన యాధార మేదో కలదు: మబ్బో, మెరుపో, తడిగాలియో. ఈ మూటిని 'వాన పడినది' యని యొక్కటిగా వ్రాసినచో వినికిడి కాస్తా కంటిసాక్ష్యమై కూర్చుండును. ఊరి చరిత్రను ముదుసలుల నోట విని సేకరించువారికి ఇంతకు మించిన ప్రమాదము లేదు.

సంఖ్యల యందును ఇట్టి భేదమే కలదు. 'నాలుగైదు మేకలు' అన్నవానికి లెక్కతో పనిలేదు. 'నాలుగో ఐదో' అన్నవాడు లెక్క యున్నదనియు, అది తనకు తెలియదనియు నొప్పుకొనుచున్నాడు. 'చేనూ గీనూ' అనునపుడు చేను మాత్రమే కాక తత్సదృశమైన యాస్తి యంతయు స్ఫురించును. పొరుగున నున్న అరవమున 'పులి కిలి' యనునదియు ఈ జాతిదే. అయితే 'అప్పూ లేదు, గిప్పూ లేదు' అన్నచోట నున్నది సందిగ్ధత కాదు, విసుగు.

ఆంగ్లేయుల సంభాషణమున 'సార్టాఫ్', 'కైండాఫ్' అనునవి యిట్టివే. ఇట్టి మాటలను గూర్చి జార్జి లేకాఫ్ 1972లో ప్రత్యేకముగా నొక వ్యాసము వ్రాసెను. తెలుగున నీ పని పెక్కుచోట్ల ప్రత్యయములే నిర్వహించుచున్నవి. కనుకనే చెవికి సులభముగా జారిపోవును. ఇవి గ్రామ్యములని కొట్టివేయుటయు తగదు. 'వచ్చెనట' యనుటకు గ్రాంథికము వెనుదీయలేదు గదా!

"ఏదో ఒక వంద సర్దుతావేమోనని వచ్చినా" అన్నవాని మాటలో వంద యనునది స్పష్టమే. 'ఏదో', 'ఏమో' అనునవి అంకెను మసకపరచుటకు రాలేదు. ఎదుటివాడు లేదనుటకు చోటు విడుచుటకు వచ్చినవి. అడిగినవాని మానమును దక్కును.

అన్నిటికంటె చిక్కైనది ఒంటరిగా వచ్చు 'ఏమో'. "మీకు బాకీ ఎంత?" అన్నచో "ఏమో నాయనా" యని సమాధానము వచ్చును. అది తెలియకపోవుట కావచ్చును, చెప్ప నిష్టము లేకపోవుట కావచ్చును. పరిశోధకుడు దానిని 'తెలియదు' అను గడిలో వేయక, తానడిగిన ప్రశ్నను, అపుడు దగ్గరనున్న వారెవ్వరో దానిని, ఆ 'ఏమో' ఎంత సాగినదో దానిని ప్రక్కనే వ్రాసికొనవలెను.